ఇటలీ విల్లా తోటల్లో పూలెక్కడ? ఇంత హడావిడి దేనికి?

సంచారి_సత్తి
పోయిన ఆగస్టులో అమ్మానాన్నల్ని రోమ్ తీసుకెళ్లాను. కొలోసియం, వాటికన్ అయ్యాక ఒక రోజు మిగిలితే రోమ్ దగ్గరి తివోలి ఊళ్లో విల్లా దెస్తే అనే పాత భవనం, దాని తోట చూపించాను. టూర్ ఏజెంటు ఇచ్చిన కాగితం మీద ఇంతింత గులాబీలు, కింద "ప్రపంచంలోకెల్లా అందమైన తోట" అని రాత. తీరా వెళ్తే పచ్చటి కంచెలు, నాచు పట్టిన రాళ్లు, నీళ్లు, మెట్లు. దిగాక మళ్లీ మెట్లు. అమ్మ అడుగుదాకా దిగి చుట్టూ చూసి "పూలేవిరా?" అంది. ఏం చెప్పను? తిరిగి పైకి వచ్చేసరికి నాన్న మోకాళ్లు పట్టేశాయి.

వచ్చే ఏడాది చెల్లి కుటుంబంతో ఫ్లోరెన్స్, కోమో సరస్సు వైపు ప్లాన్. అక్కడా లిస్టు నిండా విల్లాలే. తెలిసినవాళ్లు సూటిగా చెప్పండి, వీటిలో అంత గొప్పేముంది? ఉంచాలా, కొట్టేయాలా?

కొబ్బరాకు
కొట్టెయ్ బ్రో. ఆ టికెట్ డబ్బులతో జెలాటో తిను, కనీసం రంగులైనా ఉంటాయి.

మిలానో_మావయ్య
సత్తీ, ఆ తోటని నువ్వు తలకిందులుగా చూశావు. ఇప్పుడు అందర్నీ అలాగే పంపిస్తున్నారులే. టికెట్ కౌంటరు పైన ఊళ్లో ఉంది కాబట్టి భవనంలోంచి తోటలోకి దిగుతాం. 16వ శతాబ్దంలో ఈ విల్లా కట్టించిన కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి చర్చి పెద్ద) ఇప్పోలితో దెస్తే అతిథులు కింది గేటు నుంచి వచ్చేవాళ్లు. చదునుగా ఉన్న కింది తోటలో నడిచి, తలెత్తితే కొండవాలంతా అంచెలంచెలుగా నీళ్లు, అన్నిటికంటే పైన భవనం. ఎక్కుతుంటే ఒక ఫౌంటెన్ చప్పుడు వెనకపడి ఇంకోటి వినబడుతుంది. అతిథి ఆయాసపడుతూ పైకి చేరేసరికి ఇంటి యజమాని ఎంతవాడో అర్థమైపోవాలి. తోట వేసిందే అందుకు.

ఇక పూలంటావా, మధ్య ఇటలీలో వేసవిలో వానలు తక్కువ. ఆగస్టులో బయట గడ్డి కూడా ఎండిపోయి ఉంటుంది. రోమ్ ఎండ తప్పించుకోడానికి కొండెక్కిన పెద్దలకు కావాల్సింది నీడ, చల్లగాలి, నీటి చప్పుడు. అందుకే ఏడాది పొడుగునా ఆకు నిలిచే చెట్లు వేసుకున్నారు. సైప్రస్, ఆకు రాల్చని ఓక్, లారెల్, బాక్స్‌వుడ్. రాయి, నీరు, పచ్చదనం ఉంటే చాలు వాళ్లకి.

ఇటుక_సిమెంటు
మావయ్య గారు అసలు విషయం వదిలేశారు. అక్కడ ఒక్క పంపు కూడా లేదండి! 51 ఫౌంటెన్లు, 364 నీటి చిమ్ములు, 64 జలపాతాలు, 220 తొట్లు, మొత్తం 875 మీటర్ల కాలువలు, తూములు. అన్నీ కేవలం వాలు మీద నడుస్తాయి. అనియేనే నది తివోలి ఊరికి పైనుంచి వస్తుంది. పిర్రో లిగోరియో అనే ఆయన ప్లాన్ ప్రకారం ఊరి కిందనుంచి సొరంగం తవ్వి ఆ నీళ్లని తోట నెత్తికి తెచ్చారు. అక్కణ్ణుంచి ఏ ఫౌంటెన్ ఎంత ఎత్తు ఎగరాలో అన్నది, నీళ్లు ఎంత ఎత్తునుంచి దిగుతున్నాయి, గొట్టం ఎంత సన్నం అన్నదాని మీద తేల్చుకున్నారు. ప్రెషర్ గేజీలు లేవు, కాలిక్యులేటర్లు లేవు. నేను సివిల్ వాణ్ని, అక్కడ నిలబడితే నాకు పూలు గుర్తు రాలేదు.

కొబ్బరాకు
మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తుకే నీళ్లు ఎక్కవు. ఆ లిగోరియో నంబర్ ఉంటే పెట్టండి.

ఇటుక_సిమెంటు
@కొబ్బరాకు ఆయన నీళ్లని ఎక్కించలేదు, దించాడు. మీ అపార్ట్‌మెంట్‌ని కొండ కిందికి మార్చుకోండి.

పల్నాటి_పౌరుషం
అందరూ కార్డినల్ గారి అభిరుచిని తెగ పొగుడుతున్నారు. ఆ కొండవాలు ఖాళీగా ఉందనుకుంటున్నారా? అక్కడ ఇళ్లు, ద్రాక్షతోటలు ఉండేవి. కొన్నాడు, కూలగొట్టించాడు, మట్టి పోయించి చదును చేయించాడు. ఊరివాళ్లు ఆయన మీద కోర్టుకెక్కారు కూడా. భూసేకరణ కేసులు మనకొక్కళ్లకే కాదు. తోట చూసి మురిసిపోయేముందు ఆ ఇళ్లవాళ్లు ఏమయ్యారో అడగాలి.

మిలానో_మావయ్య
నిజమే. ఆయన సామాన్యుడు కాదు. తల్లి లుక్రేజియా బోర్జా, తాత పోప్ ఆరవ అలెగ్జాండర్. పోప్ కావాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా పడలేదు. 1550లో తివోలికి గవర్నరుగా వచ్చాడు. పోప్ సింహాసనం దక్కలేదన్న కడుపుమంట అంతా ఈ కొండ మీద ఖర్చు పెట్టాడని నా లెక్క. దగ్గర్లోనే రోమన్ చక్రవర్తి హేడ్రియన్ విల్లా శిథిలాలు ఉన్నాయి, 2వ శతాబ్దం నాటివి. అక్కడి పాలరాతి బొమ్మలు కూడా తవ్వి ఇక్కడికి మోయించారు.

పల్నాటి_పౌరుషం
అంటే ఊరివాళ్ల నేల, పాత రాజుగారి బొమ్మలు, ఏటి నీళ్లు. కార్డినల్ సొంతానిది ఏముంది అందులో?

కొబ్బరాకు
టేస్ట్ అండి, టేస్ట్.

సరిగమ_శారద
సత్తి గారూ, ఆర్గన్ ఫౌంటెన్ (ఆర్గన్ అంటే గొట్టాల్లోకి గాలి పంపి వాయించే పెద్ద వాద్యం) మోగడం విన్నారా, లేదా? మామూలుగా పొద్దున పదిన్నర నుంచి రెండేసి గంటలకోసారి మోగుతుంది. తలుపులు తెరుచుకుంటాయి, లోపల గొట్టాలు. పాత రోజుల్లో ఇదొక వింత. 1572లో పోప్ 13వ గ్రెగరీ వచ్చి, లోపల ఎవరైనా దాక్కుని వాయిస్తున్నారేమోనని చూపించమన్నాడని చెబుతారు. తర్వాత ఎప్పుడో పాడైపోయి, 2003లో మళ్లీ మోగింది.

ఇంకో సంగతి. పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ చివరి రోజుల్లో ఆ విల్లాలోనే ఏళ్ల తరబడి అతిథిగా ఉండి వెళ్తుండేవాడు. అక్కడి సైప్రస్‌ల మీద రెండు కృతులు, ఫౌంటెన్ల మీద ఒకటి రాశాడు. ఆ ఫౌంటెన్ల కృతి వింటే కుడిచెయ్యి పై స్వరాల్లో గలగలమంటూనే ఉంటుంది. అది విని వెళ్తే తోట వేరేగా కనబడుతుంది.

సంచారి_సత్తి
వినలేదండి. మేం దిగేసరికి ఒకటి అయిపోయినట్టుంది, రెండోదానికి నాన్న ఆగనన్నారు. అసలు నీళ్లతో ఆర్గన్ ఎలా మోగుతుంది?

ఇటుక_సిమెంటు
నీళ్లు సుడి తిరుగుతూ ఒక గొట్టంలో పడతాయి. పడేటప్పుడు గాలిని కూడా లోపలికి ఈడ్చుకుపోతాయి. కింద మూసి ఉన్న గదిలో నీళ్లు అడుగుకి, గాలి పైకి వేరవుతాయి. ఆ గాలికి ఒత్తిడి ఉంటుంది కదా, అది ఆర్గన్ గొట్టాల్లోకి వెళ్తుంది. అటు బయటికి పోయే నీళ్లు ఒక చక్రాన్ని తిప్పుతాయి, చక్రం ఒక పీపాని తిప్పుతుంది, పీపా మీది మేకులు ఏ మీటని ఎప్పుడు నొక్కాలో నొక్కుతాయి. గాలి ఊదేదీ నీళ్లే, వాయించేదీ నీళ్లే. పోప్‌గారికి అనుమానం రావడంలో తప్పేం లేదు.

ఓరుగల్లు_పిల్ల
మిలానో మావయ్య గారు చెప్పిన "పూలుండవు" కథ సగమే నిజం. ఆ కాలం తోటల్లో పూలు దండిగా ఉండేవి. ఇంటిని ఆనుకుని గోడ కట్టిన చిన్న తోట ఉండేది, దాన్ని జార్దినో సెగ్రేతో అంటారు, రహస్య తోట. తులిప్, అనెమొనె, నార్సిసస్ లాంటి దుంప మొక్కలకి అప్పట్లో పిచ్చి గిరాకీ. ఒట్టోమన్ రాజ్యం నుంచి కొత్తగా వచ్చిన తులిప్ దుంప ఎవరి దగ్గరుంటే వాడిదే గొప్ప. పాదువాలో విశ్వవిద్యాలయానికి 1545లోనే బొటానికల్ తోట వేశారు. రోమ్‌లో బోర్గేజె గ్యాలరీ పక్కన ఆ రహస్య తోటల్ని పాత పద్ధతిలో మళ్లీ వేశారు, వసంతంలో వెళ్తే చూడొచ్చు.

మరి పూలు ఏమయ్యాయంటే, పూలమళ్లకి చాకిరీ ఎక్కువ. ఆస్తులు చేతులు మారాయి, డబ్బు తగ్గింది, ముందు పోయేవి పూలే. కంచెలు, రాళ్లు మిగిలాయి. తర్వాత వచ్చినవాళ్లు మిగిలినదాన్నే చూసి "ఇటాలియన్ తోట అంటే ఇదే" అని తేల్చేశారు. 1931లో ముస్సోలినీ కాలంలో ఫ్లోరెన్స్‌లోని పలాజ్జో వెక్కియోలో ఇటాలియన్ తోటల మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. ఇంగ్లీషు తోటలకన్నా మాదే గొప్ప, మాది గీత గీసినట్టుండే తోట అన్న ప్రచారం దాని వెనక ఉంది. మనం ఇప్పుడు చెప్పుకునే "రాయి, నీరు, పచ్చదనం" బొమ్మని గట్టిపరిచింది అలాంటివే.

మిలానో_మావయ్య
అమ్మాయ్, రహస్య తోటలు ఉండేవన్నది కాదనను. కానీ అవి ఇంటివాళ్లకి. వచ్చేపోయే జనానికి చూపించిన తోట కొండవాలు మీదిదే, దాని ఎముక నీళ్లు. నాలుగు తులిప్‌లు తీసేస్తే అది పడిపోదు, కాలువ మూస్తే పడిపోతుంది.

ఓరుగల్లు_పిల్ల
ఎముక ఒక్కటే చూపించి మనిషి ఇలాగే ఉండేవాడంటే ఎలా మావయ్యా!

ఇంకోటి. విల్లా దెస్తేలో అందరూ ఫోటో దిగే నెప్ట్యూన్ ఫౌంటెన్, ఎత్తుగా నీళ్లు ఎగిసే ఆ వరస, 1927లో పెట్టింది. అక్కడ 17వ శతాబ్దంలో శిల్పి బెర్నినీ చేసిన జలపాతం ఉండేది, అది శిథిలమైపోయింది. నిజంగా పాతది చూడాలంటే వంద ఫౌంటెన్ల వరస దగ్గర నిలబడండి. మూడు వరుసల్లో నీళ్లు పడుతుంటాయి. పైన రాతి గద్దలు, లిల్లీలు, పడవలు. మధ్యలో ఒకప్పుడు రోమన్ పురాణ కథల బొమ్మలు చెక్కిన పలకలుండేవి. ఇప్పుడు వాటి మీద నాచు, నీటి సున్నం మందంగా పేరుకుని బొమ్మల ముఖాలు దాదాపు కరిగిపోయాయి. నాకు ఆ పాడైనదే నచ్చింది.

ఇటుక_సిమెంటు
ఆ నీళ్లలో సున్నం ఎక్కువ. తివోలి చుట్టూ దొరికే ట్రావర్టైన్ రాయి పుట్టిందే అలాంటి నీళ్లనుంచి. కొలోసియం కట్టిందీ ఆ రాయితోనే. మన ఇళ్లలో గీజర్‌కి పట్టే తెల్ల పొర ఇక్కడ శిల్పాలకి పడుతుంది. గొట్టాలు కూడా పూడిపోతుంటాయి, ఎప్పుడూ శుభ్రం చేస్తూనే ఉండాలి.

కడియం_నర్సరీ
మాది నర్సరీ పని, పూల గొడవలో నేనూ దూరతా. బాక్స్‌వుడ్ ఆకు చాలా చిన్నది, దగ్గరదగ్గరగా వస్తుంది. అందుకే కత్తెర పట్టి కోస్తే గోడలా అంచు నిలుస్తుంది. మన ఉక్కకి అది ఆగదు. ఇక్కడ బిల్డర్లు వచ్చి "ఇటాలియన్ గార్డెన్" కావాలంటే దురంటా, ఫైకస్ కత్తిరించి లారీ ఎక్కిస్తాం. వాళ్లు సంతోషంగానే వెళ్తారు.

కానీ చెబుతున్నా, పూలకంటే కంచెకే చాకిరీ ఎక్కువ. ఏడాదికి ఒకటి రెండుసార్లు తాడు కట్టి, మట్టం చూసుకుంటూ కొయ్యాలి. ఒక్కచోట లోతుగా పడిందా, అది పూడటానికి ఏళ్లు పడుతుంది. ఇప్పుడు యూరప్‌లో దానికి పెద్ద గండం వచ్చింది. తూర్పు ఆసియా నుంచి వచ్చిన చిమ్మట ఒకటి 2007లో జర్మనీలో కనబడింది, తర్వాత ఇటలీకీ పాకింది. పురుగు ఆకుపచ్చగా, నల్ల తలతో ఉంటుంది. కంచె లోపల గూడు అల్లుకుని తింటుంది. పైకి పచ్చగానే కనబడుతుంది, తెలిసేలోపు కంచె మొత్తం ఎండుగడ్డి రంగు. సైప్రస్‌కి కూడా 1951 నుంచి ఒక బూజు తెగులు పట్టి టస్కనీలో చాలా చెట్లు పోయాయి. దాన్ని తట్టుకునే రకాలు ఇటలీ వాళ్లే తయారు చేసుకున్నారు.

కొబ్బరాకు
లారెల్ కంచె అంటే బిర్యానీ ఆకే కదా? అంత పొడుగు కంచె ఉంటే హైదరాబాదు హోటళ్లన్నిటికీ సరిపోతుంది. సత్తి బ్రో, రెండు కొమ్మలు తెచ్చావా?

కడియం_నర్సరీ
కాదు సామీ. మన బిర్యానీ ఆకు దాల్చినచెక్క జాతి. ఆకు తిప్పి చూడు, పొడుగునా మూడు ఈనెలుంటాయి. లారెల్‌కి నడిమి ఈనె ఒక్కటే, పక్కకి సన్నటి రెమ్మలు. వాసన కూడా వేరు.

కొబ్బరాకు
ఇప్పుడే వంటింట్లోకెళ్లి చూశా. మూడే. నాకు ఈ థ్రెడ్ నుంచి పనికొచ్చిన మొదటి ముక్క ఇది.

పులిహోర_ప్రియ
ఫ్లోరెన్స్ వెళ్తున్నారంటే ఒక్కటి మాత్రం వదలొద్దు, ఊరి అంచున ఉన్న కస్తెల్లో విల్లా. ఫ్లోరెన్స్‌ని ఏలిన మెదిచీ వంశంలో మొదటి కోజిమో 1538 ప్రాంతంలో త్రిబోలో అనే శిల్పి చేత వేయించిన తోట. ప్రవేశం ఉచితం, జనం తక్కువ. పెద్ద పెద్ద మట్టి కుండీల్లో వందలకొద్దీ నిమ్మ, నారింజ, దబ్బ జాతి చెట్లు. ఆ కుండీలు ఇంప్రునేతా అనే ఊళ్లో చేసినవి, మంచు కురిసినా పగలవు. చలికాలం రాగానే కుండీలన్నీ పెద్ద కిటికీలున్న నిమ్మ ఇంట్లోకి, అంటే లిమోనాయాలోకి మోస్తారు, వసంతంలో మళ్లీ బయటికి. నేను వెళ్లిన రోజు ఇద్దరు మనుషులు చిన్న ట్రాక్టరుతో ఒక్కో కుండీ లాగుతున్నారు, ఒక్క కాయ రాలలేదు.

అక్కడ బిజ్జారియా అనే చెట్టు ఉంది. ఒకే కొమ్మకి దబ్బ, పుల్ల నారింజ, ఒక్కోసారి రెండూ అతుక్కున్న కాయ. సగం పచ్చగా బుడిపెలతో, సగం నున్నగా నారింజ రంగులో! 1644లో ఫ్లోరెన్స్‌లోనే ఒక తోటలో పుట్టింది. అంటు కట్టినచోట రెండు చెట్ల కణజాలం కలిసిపోయి అలా అయింది. తర్వాత అంతరించిందనుకున్నారు, 1980 ప్రాంతంలో మళ్లీ దొరికింది. దబ్బకాయ పులిహోర కలిపిన చెయ్యి నాది, ఆ కాయ ముందు నుంచి కదలబుద్ధి కాలేదు.

కడియం_నర్సరీ
దాన్ని కిమేరా అంటారు. గింజతో రాదు, అంటు మీదే నిలబెట్టాలి. అందులోనూ ఏ కొమ్మ ఎటు మళ్లుతుందో చెప్పలేం. మూడొందల ఏళ్ల పైబడి బతికించారంటే తోటమాలులకి దండం.

సరిగమ_శారద
మెదిచీల విల్లాలు 12, తోటలు 2 కలిపి 2013లో యునెస్కో జాబితాలో చేరాయి. కస్తెల్లో అందులోదే. 1600 ప్రాంతంలో ఆ విల్లాలన్నీ పైనుంచి చూసినట్టు జుస్తో ఉతెన్స్ వేసిన చిత్రాలు ఇప్పుడు పక్కనే పెత్రాయా విల్లాలో ఉన్నాయి. కాళ్లు నొప్పెట్టకుండా అన్ని తోటలూ ఒకే చోట చూడొచ్చు.

ఓరుగల్లు_పిల్ల
రోమ్ వైపు మళ్లీ వెళ్తే మాత్రం విల్లా దెస్తే కాదు, వితెర్బో పక్కన బాన్యాయాలోని విల్లా లాంతే. కార్డినల్ గంబారా వేయించింది, ప్లాన్ విన్యోలా అనే వాస్తుశిల్పిదంటారు. తోట మధ్యలో ఒక్క పెద్ద భవనం కట్టకుండా, రెండు చిన్న ఒకేలాంటి ఇళ్లు చెరో పక్క పెట్టి నడుమ దారంతా నీళ్లకి వదిలేశారు. పైన అడవిలో ఊట, అక్కణ్ణుంచి రాతి రొయ్య ఒంటిమీదుగా నీళ్లు మెలికలు తిరుగుతూ దిగుతాయి. గంబేరో అంటే వాళ్ల భాషలో ఆ జాతి జీవి, కార్డినల్ ఇంటిపేరు గంబారా కదా, ఆయన ముద్ర అది. ఇంకాస్త కిందికి దిగితే పొడుగాటి రాతి బల్ల, బల్ల నడుమ కాలువ. విందులో ద్రాక్షసారాయి సీసాలు ఆ పారే నీళ్లలో చల్లబరిచేవాళ్లు. బల్ల అంచు మీద చెయ్యేసి కూర్చుంటే నీళ్లు మోచేతి పక్కనుంచే పోతాయి.

మిలానో_మావయ్య
దీనికి మాత్రం ఇద్దరం ఒకటే మాట. విల్లా లాంతేని మించింది లేదు.

ఇటుక_సిమెంటు
దాచిపెట్టిన చిమ్ముల గురించి ఎవరూ చెప్పలేదు? బెంచీ మీద కూర్చుంటే కింద నుంచి, మెట్టు మీద కాలేస్తే పక్క నుంచి నీళ్లు. తోటమాలి ఎక్కడో మూలన కుళాయి తిప్పేవాడు. ఫ్రెంచి రచయిత మోంతేన్ 1580, 81లో ఇటలీ తిరిగినప్పుడు డైరీలో ఇలాంటివి రాసుకున్నాడు. మన పెళ్లిళ్లలో వసంతాలు చల్లుకోవడం లాంటిదే, కాకపోతే ఇక్కడ చల్లేవాడు కనపడడు, తడిసేవాడు రాయబారి.

కొబ్బరాకు
పట్టు బట్టలతో వెళ్లి అలా తడిస్తే మా పెదనాన్న అక్కడే సంబంధం తెంపేస్తాడు.

గోదారోడు
మీరంతా కార్డినళ్ల దగ్గరే ఆగిపోయారు. వెనిస్ వెనకాల వెనెతో ప్రాంతం విల్లాలు చూడండి, వ్యవసాయం అంటే ఏంటో కనబడుతుంది. వెనిస్ పెద్దలు శతాబ్దాల పాటు సముద్ర వ్యాపారం మీద బతికారు. 1498లో వాస్కోడగామా కాలికట్‌లో దిగాక మిరియాల వ్యాపారం మీద పాత భరోసా పోయింది. ఇటు తురకల రాజ్యం పెరుగుతోంది. దాంతో డబ్బు నేల మీద పెట్టారు. చిత్తడి నేలలు ఎండగట్టి సాగులోకి తెచ్చారు. ఆ పొలాల మధ్య ఇళ్లు కట్టిపెట్టినవాడు ఆంద్రియా పల్లాడియో అనే వాస్తుశిల్పి.

ఫాన్జోలో దగ్గర విల్లా ఎమో చూస్తే మధ్యలో గుడిలాంటి స్తంభాలతో దొరగారి ఇల్లు. దానికి అటూ ఇటూ పొడుగ్గా చావిళ్లు, వాటిని బార్కెస్సా అంటారు. పనిముట్లు, బండ్లు, ధాన్యం అన్నీ అక్కడే. చివర్లలో పావురాల గూళ్లు. వానలో తడవకుండా దొర ఇంటి నుంచి గాదె దాకా నడిచి లెక్క చూసుకోవచ్చు. సోకుకు కట్టిన ఇల్లు కాదది, సాగు చేయించడానికి కట్టింది.

పల్నాటి_పౌరుషం
లెక్క చూసుకునేవాడు దొర, ధాన్యం మోసేవాడు ఎవరో?

గోదారోడు
అన్నా, అదీ చెబుతా. పాలేర్ల గుడిసెలు ఏ పుస్తకంలోనూ బొమ్మ వెయ్యలేదు. పల్లాడియో 1570లో అచ్చు వేసిన గ్రంథంలో స్తంభాలు, కొలతలు ఉన్నాయి, వాళ్లు లేరు.

సంచారి_సత్తి
విచెంజాలో విల్లా రోతొండా అన్నది కూడా ఆయనదేనా? చెల్లి అది చూడాలంటోంది.

గోదారోడు
ఆయనదే. 1560ల చివర్లో మొదలైంది, రోమ్‌లో కొలువు చేసి తిరిగొచ్చిన పావోలో అల్మెరికో అనే చర్చి పెద్దమనిషి కోసం. అది మాత్రం పొలం ఇల్లు కాదు, కొండ మీద నాలుగు వైపులా చూడ్డానికి కట్టుకున్నది. నాలుగు ముఖాలకీ ఒకేలాంటి మెట్లు, ఒకేలాంటి మంటపం. ఇంటిని సరిగ్గా దిక్కులకి పెట్టకుండా మూలలకి తిప్పి కట్టాడు, అందువల్ల ప్రతి గదికీ ఎంతో కొంత ఎండ పడుతుంది. మన వాస్తు సిద్ధాంతికి చూపిస్తే గుండె ఆగుతుంది.

ఆ గ్రంథం ఇంగ్లండు వెళ్లి, అక్కడి పద్ధతి మన దాకా వచ్చింది. హైదరాబాదు కోఠీ ఉమెన్స్ కాలేజీలో (ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం) ఉన్న పాత బ్రిటిష్ రెసిడెన్సీ చూశారా? 19వ శతాబ్దం మొదట్లో నిజాం కొలువులో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న కిర్క్‌పాట్రిక్ కట్టించింది. ఆ పెద్ద స్తంభాలు, పైన త్రికోణం, మెట్లు, అదంతా పల్లాడియో చుట్టరికమే. విచెంజా వెళ్లలేనివాళ్లు కోఠీ వెళ్లండి.

పులిహోర_ప్రియ
నేను ఆ కాలేజీలోనే చదివా! ఆ మెట్ల మీదే కూర్చుని పల్లీలు తిన్నాం. ఎవరూ చెప్పలేదు ఈ సంగతి.

కొబ్బరాకు
మా ఊరి దగ్గర గేటెడ్ కమ్యూనిటీలో ఒక్కో "టస్కన్ విల్లా"కి కోట్లు చెబుతున్నారు. నిమ్మచెట్టు లేదు, గాదె లేదు, నీళ్లు ట్యాంకర్‌వి. కార్డినల్ నయం.

సంచారి_సత్తి
సరే, కోమో సంగతి చెప్పండి. చెల్లికి పెళ్లి వీడియోల్లో చూసిన విల్లా కావాలట, సరస్సులోకి పొడుచుకొచ్చినట్టుంటుంది. పిల్లలు ఇద్దరు, ఒకడు బండిలో. నాన్న కూడా వస్తానంటున్నారు, మోకాళ్లు గుర్తుపెట్టుకుని చెప్పండి.

మిలానో_మావయ్య
అది లెన్నో దగ్గరి విల్లా దెల్ బల్బియానెల్లో. 2018లో దీపికా పదుకొణె, రణవీర్ సింగ్ పెళ్లితో మనవాళ్లలో పేరు మోగింది. (మన వరుణ్ తేజ్, లావణ్యల పెళ్లి 2023లో జరిగింది టస్కనీలో, అది విల్లా కాదు, పాత పల్లెటూరినే హోటల్ చేసిన చోటు.) బల్బియానెల్లోని 18వ శతాబ్దం చివర కార్డినల్ దురీనీ కట్టించాడు. ఆఖరి యజమాని గ్విదో మోంజీనో. 1973లో ఇటలీ తరఫున మొదటి ఎవరెస్టు యాత్ర నడిపినవాడు, పోతూ పోతూ 1988లో ఇంటిని ఫాయ్ అనే వారసత్వ సంస్థకి రాసిచ్చాడు. లోపల ఆయన యాత్రల మ్యూజియం ఉంది.

అక్కడ నేల అంతా రాయి, మన సత్తి చూసిన లాంటి మెట్ల తోట వెయ్యడానికి చోటే లేదు. అందుకని ఉన్న చెట్లనే మలిచారు. ఒక ఓక్ చెట్టుని గొడుగులా కోస్తారు, మనిషి తాడు కట్టుకుని కొమ్మల్లోకి ఎక్కి కత్తిరిస్తాడు. కింద నిలబడితే సరస్సు కనబడాలి, పైన ఎండ తగలకూడదు, దాని కొలత అంతే. కానీ బండితో ఉన్న పిల్లాడికీ, మోకాళ్లకీ అది సుఖం కాదు. పడవ మీద వెళ్లినా పైకి ఎక్కాలి.

సరిగమ_శారద
మోకాళ్లకి బెల్లాజియోలో విల్లా మెల్జీ. సరస్సు ఒడ్డునే దాదాపు చదునైన దారి, కత్తిరించిన ప్లేన్ చెట్ల వరస, చిన్న కొలను, జపాన్ మేపుల్స్. నెపోలియన్ కాలంలో ఇటలీ రిపబ్లిక్‌కి ఉపాధ్యక్షుడిగా చేసిన ఫ్రాంచెస్కో మెల్జీ కట్టించుకున్నది. బండి కూడా నడుస్తుంది. పూలే కావాలంటే ఏప్రిల్, మే నెలల్లో త్రెమెజ్జోలోని విల్లా కార్లొత్తా, అజేలియాలు గోడల్లా పూస్తాయి.

ఓరుగల్లు_పిల్ల
మజ్జోరే సరస్సు దాకా వెళ్లగలిగితే వెర్బానియాలో విల్లా తరాంతో. 1931లో ఒక స్కాట్లండ్ దొర కొని వేసిన తోట, వసంతంలో తులిప్‌లు వేలల్లో. అదే సరస్సులో ఇసోలా బెల్లా ద్వీపం, బోర్రోమెయో వంశంవాళ్లది, రాతి దిబ్బ మీదికి మట్టి మోసి పది అంతస్తులుగా తోట కట్టారు, తెల్ల నెమళ్లు తిరుగుతుంటాయి. అయితే అక్కడ మెట్లున్నాయి, నాన్నగారిని కింద కాఫీ దగ్గర కూర్చోబెట్టండి.

పల్నాటి_పౌరుషం
ఇసోలా బెల్లాకి మట్టి మోసినవాళ్లు కూడా...

కొబ్బరాకు
అన్నా, వచ్చేసరికి నువ్వు రెడీగా ఉన్నావు.

పల్నాటి_పౌరుషం
ఎవరో ఒకరు అడగాలిగా. నేను వెళ్లొద్దనడం లేదు, నేనూ వెళ్లా. ఆ పని చూసి నోరు తెరిచా కూడా. మా తాత రాళ్లు కొట్టేవాడు, అలాంటి గోడ కట్టడానికి ఎంత చెమట కావాలో నాకు చూడగానే తెలుస్తుంది.

మిలానో_మావయ్య
నిజానికి ఆ గోడలు చూడటానికే వెళ్లాలి నన్నడిగితే.

సత్తీ, పనికొచ్చే నాలుగు ముక్కలు: ప్రభుత్వ మ్యూజియాలు, విల్లాలు నెలలో మొదటి ఆదివారం ఉచితం, కానీ జనం విరగబడతారు. బల్బియానెల్లో సోమ, బుధవారాలు మూసి ఉంటుంది. విల్లా దెస్తే సోమవారం మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు. సమయాలు మారుతుంటాయి, బయల్దేరేముందు వాళ్ల సైటు చూసుకో. ఆగస్టులో మాత్రం మళ్లీ వెళ్లకు.

సంచారి_సత్తి
ఏప్రిల్ చివరి వారం బుక్ చేస్తున్నా. మెల్జీ, కార్లొత్తా ఖాయం, కస్తెల్లో ఉచితం కాబట్టి ఖాయం. బల్బియానెల్లో చెల్లీ బావా వెళ్లొస్తారు, నేను పిల్లల్ని చూసుకుంటా. పంపు లేకపోవడం గొప్పే, ఒప్పుకుంటా. కానీ గులాబీల బొమ్మ వేసి అమ్మిన ఏజెంటుకి మాత్రం ఇంకో రూపాయి ఇవ్వను.

కడియం_నర్సరీ
సత్తి గారూ, ఒక చిన్న పని. కోమోలో బాక్స్‌వుడ్ కంచె కనబడితే చేత్తో మెల్లగా పాయ తీసి లోపల ఫోటో తియ్యండి. సాలెగూడు లాంటి దారాలు, పచ్చటి రెట్ట పొడి ఉన్నాయేమో చూడాలి. ఏప్రిల్‌లోనే పురుగు లేస్తుంది. వేరే ఏ మొక్క పెట్టి కంచె నింపుతున్నారో కూడా కనుక్కుంటే మేలు.

కొబ్బరాకు
ఇటలీ వెళ్లి కంచెలో చెయ్యి పెట్టి పురుగు రెట్ట ఫోటో తీసేవాణ్ని చూస్తే సెక్యూరిటీవాడు ఏమంటాడో అదీ రాయి.

కడియం_నర్సరీ
తోటమాలి చూస్తే ఏమీ అనడు. పక్కన కూర్చోబెట్టుకుని గంటసేపు వాడి బాధ చెబుతాడు.